చదువు ఒక్కసారి... రుజువు ఊరూరా!

రక్తం తీసి పరీక్షించడానికి భాషతో పనిలేదు. ఎక్స్‌రే తీయడానికి దేశంతో పనిలేదు. కానీ ఆ పని చేసే మనిషి ఊరు దాటితే చాలు... ‘ఎక్కడ చదివావు? ఎక్కడ పనిచేశావు? నీకు పని వచ్చని ఎవరు చెప్పారు?’ అన్న ప్రశ్నలు మొదలవుతాయి. ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, రేడియోగ్రాఫర్లు, డయాలసిస్ టెక్నీషియన్లు... డాక్టరూ నర్సూ కాకుండా ఆసుపత్రిని నడిపించే వీళ్లంతా ఆ ప్రశ్నలకు జవాబును ఫైల్లో పెట్టుకుని తిరగాల్సిందే!

కంచికచర్ల మండలంలో కృష్ణ ఒడ్డునున్న ఊరు చెవిటికల్లు. 2021 ఆగస్టులో ఉన్నట్టుండి వరద వచ్చి, వందకు పైగా ఇసుక లారీలు నది మధ్యలో చిక్కుకుపోయినప్పుడు ఈ ఊరి పేరు పేపర్లన్నిటిలో కనిపించింది. మిగతా రోజుల్లో నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలోని మిగతా పల్లెల్లాంటిదే. పత్తి, మిరప, సుబాబుల్ చుట్టూ తిరిగే మెట్ట బతుకులు. ఇలాంటి పల్లెల్లో పంట డబ్బుతోనో అప్పుతోనో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులకు పారామెడికల్ డిప్లొమా ఓ దగ్గరి దారి. రెండేళ్ల చదువు, వెంటనే ఉద్యోగం అన్నది లెక్క.

అలా చెవిటికల్లు నుంచి ఓ అమ్మాయి డీఎంఎల్‌టీ... అంటే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసిందనుకుందాం. విజయవాడలో చేరొచ్చు. హైదరాబాద్ బస్సు ఎక్కొచ్చు. దుబాయ్‌కో రియాద్‌కో వెళ్లొచ్చు. చేసే పని అన్నిచోట్లా ఒకటే. అడిగే కాగితాలే వేరు.

మూడు మాటలు... మూడు అర్థాలు

ముందుగా మూడు మాటలు తేల్చుకోవాలి. ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టేవాళ్లు వీటిని కలిపేస్తుంటారు.

మొదటిది రిజిస్ట్రేషన్, లేదా లైసెన్సు. ‘ఈ పని చేసుకోవడానికి నీకు అనుమతి ఉంది’ అని ప్రభుత్వమో, చట్టం ప్రకారం ఏర్పడిన మండలో చెప్పడం. రెండోది క్రెడెన్షియలింగ్. ‘నువ్వు చూపించిన సర్టిఫికెట్లు నిజమైనవేనా?’ అని వాటిని ఇచ్చినవాళ్లనే అడిగి తేల్చుకోవడం. మూడోది ప్రివిలేజ్. ‘మా ఆసుపత్రిలో నువ్వు ఫలానా పని చేయొచ్చు, ఫలానాది చేయకూడదు’ అని ఆసుపత్రి గీత గీయడం.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ఉద్యోగం రాదు. క్రెడెన్షియలింగ్ పూర్తయినంత మాత్రాన అన్ని పనులూ చేయనివ్వరు. పక్క ఆసుపత్రిలో పదేళ్లు పనిచేసినవాళ్లనైనా కొత్త ఆసుపత్రి మళ్లీ మొదటినుంచీ అడుగుతుంది. నాణ్యతకు గుర్తుగా ఎన్ఏబీహెచ్ గుర్తింపు తెచ్చుకున్న ఆసుపత్రులు, ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులు సిబ్బంది అర్హతల రికార్డులు చూపించాల్సిందే. ‘మనోడే, నాకు తెలుసు’ అంటే అక్కడ కుదరదు.

ఇదంతా తలనొప్పిగా అనిపించొచ్చు. కానీ ఒక్కసారి మంచం మీదున్న రోగి వైపు నుంచి చూడండి. రక్తం గ్రూపు చూసేది టెక్నీషియనే. ఆ ఒక్క పరీక్ష తప్పితే, ఎక్కించిన రక్తమే ప్రాణం తీయొచ్చు. సూది గుచ్చించుకునేవాళ్లు ‘నీ సర్టిఫికెట్టు చూపించమ్మా’ అని అడగరు. వాళ్ల తరఫున ముందే ఎవరో ఒకరు అడిగి ఉండాలి.

గరికపాడు దాటితే...

జగ్గయ్యపేట దాటాక 65వ నంబరు హైవే మీద గరికపాడు చెక్‌పోస్టు వస్తుంది. అవతల కోదాడ. 2014 జూన్ 2కు ముందు అదంతా ఒకే రాష్ట్రం. డిప్లొమా చదివినవాళ్లకు ఒకటే పారామెడికల్ బోర్డు. రాష్ట్రం రెండయ్యాక బోర్డులూ రెండయ్యాయి. మనమ్మాయి ఆంధ్రప్రదేశ్ బోర్డులో నమోదై, హైదరాబాద్‌లోనో ఖమ్మంలోనో ఉద్యోగం చూసుకుంటే అక్కడి బోర్డు సంగతి కూడా చూసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు, అభ్యర్థుల పేరు ఆ రాష్ట్ర పారామెడికల్ బోర్డులో నమోదై ఉండాలని అడిగింది. ఇంటి నుంచి బస్సులో వెళ్లేంత దూరం... కాగితాల్లో మాత్రం అది పొరుగు రాష్ట్రం!

ఈ గందరగోళం మన ఒక్కరిదే కాదు. వైద్యులకు, నర్సులకు, ఫార్మసిస్టులకు దేశమంతటికీ వర్తించే చట్టాలు దశాబ్దాల కిందటే వచ్చాయి. నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947 నాటిది. ల్యాబుల్లో, ఎక్స్‌రే గదుల్లో, ఫిజియోథెరపీ విభాగాల్లో పనిచేసేవాళ్లు మాత్రం 2021 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది పార్లమెంటు జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టాన్ని చేసింది. యాభైకి పైగా వృత్తులను పది విభాగాలుగా చేసి ఒకే గొడుగు కిందకు తెచ్చింది.

ఆ చట్టం గంటల లెక్క కూడా చెప్పింది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2000 గంటల చదువు ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3600 గంటలు. ఆరు నెలల ‘సర్టిఫికెట్ కోర్సు’ బోర్డులు చూసి ఫీజు కట్టేవాళ్లు ఈ రెండు అంకెల్నీ గోడ మీద రాసి పెట్టుకోవాలి!

రాష్ట్రాల్లో మండళ్లు ఏర్పడి, రాష్ట్ర రిజిస్టరులోని పేర్లు కేంద్ర రిజిస్టరులోకీ చేరాలన్నది ఈ చట్టం ఉద్దేశం. అయితే అమలు నత్తనడకే. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రెండు నెలల్లో అమలుచేయాలని కేంద్రానికీ రాష్ట్రాలకూ గడువు పెట్టాల్సి వచ్చింది. రిజిస్టర్లు అన్నిచోట్లా పక్కాగా నడిస్తే గరికపాడు దాటిన ప్రతిసారీ కొత్త నమోదు కోసం తిరిగే బాధ తగ్గుతుంది. అప్పటిదాకా వెళ్లే రాష్ట్రంలో ఏం అడుగుతున్నారో ముందే కనుక్కోవడం మంచిది.

గల్ఫ్ దారిలో నాలుగు మెట్లు

ఇక విమానం ఎక్కాలంటే? గల్ఫ్ దేశాల్లో ఆసుపత్రి పిలిచినా సరిపోదు, అక్కడి ఆరోగ్యశాఖ ఒప్పుకోవాలి. దుబాయ్‌లో డీహెచ్ఏ, అబుదాబీలో డీఓహెచ్, సౌదీలో ఎస్‌సీఎఫ్‌హెచ్ఎస్... ఎవరి లైసెన్సు వాళ్లదే. దుబాయ్ లైసెన్సు చూపించి రియాద్‌లో పనిచేస్తానంటే కుదరదు.

మెట్లు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి. మొదట అర్హత చూస్తారు. చాలా పోస్టులకు చదువు పూర్తయ్యాక రెండేళ్ల అనుభవం అడుగుతారు. డిప్లొమా ఉంటే టెక్నీషియన్, డిగ్రీ ఉంటే స్పెషలిస్టు అంటూ సౌదీలో హోదా కూడా చదువును బట్టే తేలుతుంది. రెండో మెట్టు సర్టిఫికెట్ల తనిఖీ. మూడోది కంప్యూటర్ మీద రాసే పరీక్ష. మనవాళ్లు ‘ప్రొమెట్రిక్’ అనేది దీన్నే. అది పరీక్ష నిర్వహించే సంస్థ పేరు. చివరిది లైసెన్సు.

అందరూ పరీక్షకు భయపడతారు. నిజానికి ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది రెండో మెట్టు!

ఆ తనిఖీని గల్ఫ్ దేశాల తరఫున ఎక్కువగా చేసేది డేటాఫ్లో అనే సంస్థ. అభ్యర్థి ఇచ్చిన కాగితాన్ని చూసి అది నమ్మదు. ఆ కాగితం ఇచ్చిన చోటికే వెళ్లి అడుగుతుంది. యూనివర్సిటీకి రాస్తుంది, బోర్డుకు రాస్తుంది, పనిచేసిన ఆసుపత్రికి రాస్తుంది. ‘ఈ సంతకం మీదేనా? ఈ అమ్మాయి ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా మీ దగ్గర పనిచేసిందా?’ అంటుంది. అవునని జవాబు వస్తేనే ముందడుగు.

అక్కడే ఉంది చిక్కు. మనమ్మాయి నందిగామలోనో కంచికచర్లలోనో ఓ చిన్న ల్యాబులో రెండేళ్లు పనిచేసిందనుకోండి. చేతికి జీతం ఇచ్చారు. అపాయింట్‌మెంట్ ఆర్డరు లేదు, పీఎఫ్ లేదు, హాజరు పుస్తకం ఎక్కడుందో తెలీదు. తర్వాత ఆ ల్యాబు మూతపడింది. ఆమె నిజంగానే పనిచేసింది. కొన్ని వందలమందికి రక్తం తీసింది. కానీ ‘అవును, చేసింది’ అని చెప్పడానికి ఇప్పుడు ఎవరూ లేరు. తనిఖీ రిపోర్టులో ‘ధ్రువీకరించలేకపోయాం’ అని వస్తుంది. రెండేళ్ల చాకిరీ లెక్కలోంచి ఎగిరిపోతుంది!

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. పనిచేయకుండానే తెలిసినవాళ్ల ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద అనుభవం రాయించుకునేవాళ్లు. తనిఖీకి వచ్చినవాళ్లు తేదీలు అడిగినప్పుడో, జీతం రికార్డు చూపించమన్నప్పుడో బండారం బయటపడుతుంది. ఆ రిపోర్టు ‘నెగెటివ్’గా వస్తే, ఆ దేశం తలుపు మూసుకోవడమే కాదు, మిగతా చోట్లా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఒక నెల ఉన్న అనుభవాన్ని ఏడాది చేసుకోబోయి, ఉన్న డిప్లొమాను కూడా అనుమానంలోకి నెట్టుకోవడం ఎందుకు?

పేరులోనే ఉంది పేచీ

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే తంటా ఇంకొకటుంది. అది పేరు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంటుంది. ఇంటర్‌లో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివరికి వెళుతుంది. పెళ్లయ్యాక కొందరికి ఇంటిపేరే మారుతుంది. మనకు అది ఒకే అమ్మాయి. కంప్యూటరుకు నలుగురు!

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లకు అమెరికా వీసాలో పేరుండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడడం మనవాళ్లలో చాలామందికి అనుభవమే. పేరు తెలియదు అని దానర్థం. 2022 నవంబరులో యూఏఈ కూడా, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని ప్రకటించింది. అందుకే దరఖాస్తుల హడావుడి మొదలుకాక ముందే, చదువుల సర్టిఫికెట్టులో ఎలా ఉందో పాస్‌పోర్టులోనూ అలాగే పేరు ఉండేలా చూసుకోవాలి. తేడా ఉంటే ‘ఇద్దరూ ఒక్కరే’ అని అఫిడవిట్ సిద్ధం చేసుకోవాలి.

మనుషుల పేర్లే కాదు, సంస్థల పేర్లూ మారాయి. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంగా మొదలైంది. 1998లో దానికి ఎన్‌టీఆర్ పేరు పెట్టారు. 2022లో వైఎస్సార్ పేరు వచ్చింది. 2024లో మళ్లీ ఎన్‌టీఆర్ పేరే వచ్చింది. మధ్యలో బీపీటీ చదివిన విద్యార్థికి మార్కుల జాబితా మీద ఒక పేరు, పట్టా మీద ఇంకో పేరు ఉండొచ్చు. 2022 ఏప్రిల్‌లో చెవిటికల్లు కృష్ణా జిల్లా నుంచి ఎన్‌టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, చిరునామా మారింది. మనకిదంతా తెలిసిన కథ. ఎక్కడో మరో దేశంలో కూర్చుని ఫైలు తిరగేసే ఉద్యోగికి తెలియదుగా! పేరు మార్పు గురించి ఒక వివరణ, దానికి తోడు ప్రభుత్వ ఉత్తర్వు కాపీ ఫైల్లో ఉంటే ఆ అనుమానం అక్కడితో తీరుతుంది.

ఒక్క దేశం... యాభై లైసెన్సులు

అమెరికా మాట వస్తే ఎక్కువగా వినిపించేది ఫిజియోథెరపిస్టులే. అక్కడ ‘ట్రావెలింగ్ థెరపిస్టు’ అనేది మామూలు ఉద్యోగమే. సిబ్బంది తక్కువైన ఆసుపత్రిలో సాధారణంగా పదమూడు వారాలు పనిచేసి, ఇంకో ఊరికి మారిపోతారు. వినడానికి బాగుంది కదా! కానీ అక్కడ లైసెన్సు ఇచ్చేది దేశం కాదు, రాష్ట్రం. టెక్సస్ లైసెన్సుతో న్యూయార్క్‌లో రోగిని ముట్టుకోకూడదు.

ఈ బాధ తగ్గించడానికి రాష్ట్రాలు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. నర్సులకు 2000లోనే అలాంటిది మొదలైంది. ఫిజియోథెరపిస్టులకు 2018 జులై నుంచి అనుమతులు ఇస్తున్నారు. సొంత రాష్ట్రంలో మచ్చలేని లైసెన్సు ఉంటే, ఒప్పందంలో చేరిన మరో రాష్ట్రంలో పనిచేసే హక్కు కొనుక్కోవచ్చు. కొన్ని రాష్ట్రాలు తమ చట్టాల మీద చిన్న పరీక్ష కూడా పెడతాయి. కాకపోతే హెచ్-1బీ మీద వెళ్లిన మనవాళ్లకు ఇంకో ముడి ఉంది. పనిచేసే చోటు వేరే నగర ప్రాంతానికి మారితే యజమాని వీసా దరఖాస్తును సవరించాలని 2015లో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ తేల్చిచెప్పింది. ఊళ్లు మారడమే ఉద్యోగమైన మనిషికి ఇది తేలిక కాదు.

అసలు అక్కడిదాకా చేరడమే పెద్ద పని. 1996 నాటి వలస చట్టం ప్రకారం నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, ల్యాబ్ టెక్నాలజిస్టులు లాంటి వృత్తులవాళ్లు వీసాకు ముందే తమ చదువు అమెరికా చదువుతో సమానమని సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. మన బీపీటీ చాలాసార్లు ఆ కొలతకు కాస్త తగ్గుతుంది. ఆ లోటును అదనపు కోర్సులతో పూడ్చుకోవాలి. ఆ తర్వాతే లైసెన్సు పరీక్ష.

ఆ పరీక్ష చుట్టూ ఓ చేదు జ్ఞాపకం కూడా ఉంది. 2010 జులైలో పరీక్ష నిర్వహించే సమాఖ్య, ప్రశ్నలు బయటికి పొక్కుతున్నాయంటూ ఇండియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఈజిప్ట్ దేశాల్లో చదివినవాళ్లందరికీ పరీక్షను ఆపేసింది. తర్వాత వాళ్లకోసం ప్రత్యేక పరీక్ష పెట్టింది. కొందరు చేసిన పనికి, నిజాయతీగా చదువుకున్నవాళ్లు కూడా పుస్తకాలు ముందేసుకుని ఎదురుచూడాల్సి వచ్చింది. ఈ రంగంలో నమ్మకం అనేది ఒక్కరి సొంత ఆస్తి కాదు. పోతే అందరిదీ పోతుంది.

వెంట వచ్చే డోసు చిట్టా

రేడియోగ్రాఫర్లు దాచుకోవాల్సిన రికార్డు ఇంకొకటుంది. ఎక్స్‌రే, సీటీ గదుల్లో పనిచేసేవాళ్లు ఛాతీ మీద ఓ చిన్న బ్యాడ్జీ పెట్టుకుంటారు. టీఎల్‌డీ అంటారు. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను అది నమోదు చేసుకుంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపించి లెక్క చూస్తారు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు, అయిదేళ్లలో మొత్తం 100 మిల్లీసీవర్టులు దాటకూడదు.

మరి ఉద్యోగం మారితే? ఆ లెక్క సున్నా నుంచి మొదలుకాదు. పాత ఆసుపత్రిలో తగిలిన డోసు కూడా అదే ఒంట్లోనే ఉంటుంది కదా! అందుకే ఉద్యోగం మానేసేటప్పుడు ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్టుతో పాటు పాత టీఎల్‌డీ నంబరు, డోసు రికార్డు అడిగి తీసుకోవాలి. మిగతా కాగితాలన్నీ రోగిని కాపాడేవి. ఇది మాత్రం మనల్ని కాపాడేది.

ఏజెంటు గడప తొక్కే ముందు...

కాగితాల చిక్కుముడి చూసి భయపడేవాళ్లకోసమే ఏజెంట్లు కాచుకుని ఉంటారు. ‘డేటాఫ్లో మేం చూసుకుంటాం, పరీక్ష లేకుండా లైసెన్సు ఇప్పిస్తాం’ అంటే అది అబద్ధమే. తనిఖీ ఫీజు ఎవరైనా కట్టొచ్చు, తనిఖీ ఫలితాన్ని ఎవరూ కొనలేరు.

విదేశీ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద కేంద్ర విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అభ్యర్థి దగ్గర ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే! లక్షల్లో అడిగారంటే అక్కడే లేచి వచ్చేయాలి. నర్సుల విషయంలో కేంద్రం 2015లో ఇంకా గట్టి నిబంధన పెట్టింది. గల్ఫ్ సహా పద్దెనిమిది దేశాలకు వాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపడానికి వీల్లేదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మనకు ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. మిగతా వృత్తులవాళ్లు కూడా ముందు అక్కడ వాకబు చేసుకుంటే పోయేదేమీ లేదు.

చదువుతున్నప్పుడే మొదలుపెట్టండి!

* చేరే ముందే కాలేజీకి, కోర్సుకి బోర్డు లేదా యూనివర్సిటీ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. గుర్తింపు లేని కోర్సుకు తర్వాత మందు లేదు.

* సిలబస్ కాపీ, ప్రాక్టికల్ గంటల వివరాలు కాలేజీ వదిలేలోపే తీసుకోండి. పదేళ్ల తర్వాత విదేశాల్లో అడిగేది వాటినే.

* కోర్సు పూర్తికాగానే బోర్డులోనో మండలిలోనో పేరు నమోదు చేయించుకోండి. చాలా దేశాలు అనుభవాన్ని రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్కిస్తాయి. రెన్యువల్ తేదీ మరవొద్దు.

* జీతం తక్కువైనా సరే, అపాయింట్‌మెంట్ ఆర్డరు అడగండి. జీతం బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోండి. ల్యాబు మూతపడినా బ్యాంకు స్టేట్‌మెంటు సాక్ష్యం చెబుతుంది.

* మానేసేటప్పుడు తేదీలు, హోదా, చేసిన పనులు స్పష్టంగా ఉన్న ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్టు తీసుకోండి. సంతకం చేసినవారి పేరు, హోదా ఉండాలి.

* ఉద్యోగానికీ ఉద్యోగానికీ మధ్య పెద్ద ఖాళీ రానీయకండి. వస్తే కారణం చూపించే కాగితం ఉండాలి.

* గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్టు, పోలీస్ క్లియరెన్స్ లాంటివాటికి కాలపరిమితి ఉంటుంది. వాటిని ముందే తెచ్చి దాచుకోవద్దు, అడిగినప్పుడే తెచ్చుకోండి.

* వెళ్లే దేశం అపోస్టిల్ ముద్రను ఒప్పుకుంటుందో, ఎంబసీ ముద్ర కావాలంటుందో కనుక్కోండి. మన దేశం ఆ ఒప్పందంలో 2005లో చేరింది. సౌదీ విషయంలో 2022 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది.

* ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ యజమానికీ, ఏ ఏజెంటుకీ అప్పగించొద్దు. చూపించి వెనక్కి తీసుకోండి.

జాబితా పొడుగ్గానే ఉంది. కానీ ఇందులో ఒక్కటి కూడా లక్షలు ఖర్చయ్యేది కాదు. కాగితం చేతికొచ్చిన రోజే దాచుకుంటే ఫొటోకాపీ ఖర్చు. అయిదేళ్ల తర్వాత వెతుక్కుంటే ఒక ఉద్యోగం ఖర్చు. చదువు కోసం అప్పుచేసిన ఇంట్లో ఆ తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఇంట్లో పారామెడికల్ చదివే పిల్లలుంటే, ఈ రోజే ఓ ఫైలు కొనివ్వండి. అందులో మొదటి కాగితంగా కాలేజీ ఫీజు రసీదు పెట్టమనండి!